దగ్గరనున్న చేతుల ధర్మము



ఒక మనుష్యుని గుండె ఆగిపోయినప్పుడు మొదట చేయి చాపవలసినది ఎవరు? ఎక్కువ చదివినవారా, పై పదవిలో నున్నవారా, లేక దగ్గరగా నున్నవారా? ఇది వైద్యులు తమలో తాము తేల్చుకొనవలసిన సంగతి, మనకెందుకని కొందరు అనుకొనవచ్చును. అయితే కొంచెము ఆలోచించినయెడల ఇది మనకు చిన్ననాటినుండి తెలిసిన ప్రశ్నయే. తన పొరుగువాడు ఎవడో చెప్పుమని ధర్మశాస్త్రము చదివిన ఒకడు మన ప్రభువును అడిగెను. ప్రభువు అతనికి నిర్వచనము చెప్పలేదు. యెరికో దారిలో గాయపడి పడియున్న ఒకనిని చూపి, ఆ దారిని వచ్చిన ముగ్గురిలో ఎవడు పొరుగువాడాయెనో నీవే తేల్చుకొనుమనెను. యాజకుడును లేవీయుడును పదవిగలవారు. చేయి వేసినవాడు ఏ పదవియు లేనివాడు. ఈ మాసము ఆ ఉపమానమును మన ఆసుపత్రి వార్డులోనికి తీసికొనిపోయి, అక్కడ రాత్రియంతయు మేలుకొనియుండు నర్సును గూర్చి ఆలోచింతము.

మన దారియు యెరికో దారివంటిదే. హైదరాబాదునుండి బీజాపూరు వెళ్లు రహదారి మొయినాబాదు మీదుగా చేవెళ్ల చేరి, పడమటికి సాగిపోవును. ఆ దారి మఱ్ఱిచెట్ల నీడను మెచ్చుకొనువారు ఎందరో, ఆ దారి ప్రమాదములలో తమవారిని పోగొట్టుకొన్నవారును అందరే. 2025 నవంబరు 3వ తేదీ ఉదయమున చేవెళ్ల మండలము మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరును ఆర్టీసీ బస్సును ఢీకొన్న సంగతి ఈ ప్రాంతములో ఏ ఇంటివారును మరచిపోలేరు. అట్టి ఘోరమైన గాయములను చేతులతో రొమ్ము నొక్కి మాన్పలేము. అయినను ఆపద ఎంత చప్పున వచ్చునో, వచ్చినప్పుడు దగ్గరనున్నవారే ఎట్లు మొదటి సహాయకులగుదురో ఆ దారి మనకు నేర్పుచున్నది.

నేడు మన పల్లెలకు ఆసుపత్రి దూరము కాదు. మొయినాబాదు మండలములో భాస్కర్ వైద్య కళాశాల ఆసుపత్రియు, చేవెళ్లలో పట్నం మహేందర్ రెడ్డి వైద్య కళాశాల ఆసుపత్రియు ఉన్నవి. చేవెళ్లలో ప్రభుత్వ ఆసుపత్రియు కలదు. ఒక తరము క్రిందట మన పెద్దలకు ఇట్టి సదుపాయము లేదు. ఇందునిమిత్తము దేవునికి స్తోత్రము. అయితే ఆసుపత్రి ఎంత పెద్దదైనను ప్రతి మంచము ప్రక్కను డాక్టరు నిలిచియుండడు. నడిరాత్రి రెండు గంటలకు రోగి ఊపిరి మారినదని మొదట వినునది నర్సు చెవి. రోగి ముఖము నల్లబడినదని మొదట చూచునది నర్సు కన్ను. కాబట్టి మనము వేసిన ప్రశ్న ఆమె యెదుటనే అందరికంటె ముందుగా వచ్చి నిలుచును.

ఇక్కడ ఒక మాట విడదీసి చెప్పవలెను. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవుట వేరు. గుండెపోటులో గుండెకు రక్తము తెచ్చు నాళము మూసికొనిపోవును. రొమ్ములో నొప్పి, చెమట, ఆయాసము కలుగును. కాని మనిషి సాధారణముగా తెలివితో మాటలాడుచుండును. అతనిని ఆలస్యము లేకుండ ఆసుపత్రికి చేర్చవలెను. గుండె ఆగినప్పుడైతే మనిషి కూలిపోవును, పిలిచిన పలుకడు, ఊపిరి ఆడదు, లేక అప్పుడప్పుడు ఎగఊపిరి మాత్రము వచ్చును. అప్పుడు మెదడుకు రక్తము అందదు. నాలుగైదు నిమిషములు గడచునప్పటికి మెదడు చెడిపోవ మొదలిడును. ఆ కొద్ది వ్యవధిలో రొమ్ము నడుమ రెండు చేతులతో గట్టిగాను వేగముగాను నొక్కుచు, వీలైనయెడల ఊపిరియు అందించుచు, ఆగిన గుండె చేయవలసిన పనిని మన చేతులు చేయుటయే పునరుజ్జీవన చికిత్స. దీనినే నేడు పల్లెలలో సైతము సీపీఆర్ అని పిలుచుచున్నారు.

ఈ పని ఒకప్పుడు నర్సు చేతిలో లేదు. అది ఆమె చేతికి ఎట్లు వచ్చెనో తెలిసికొనుట మేలు, ఏలయనగా ఆ చరిత్రలోనే మన ప్రశ్నకు సగము జవాబు కలదు.

మన హైదరాబాదుకు ఈ చరిత్రలో ఒక చిన్న చోటున్నది. క్లోరోఫారమను మత్తుమందు వలన చనిపోవువారిలో మొదట ఆగునది గుండెయా, ఊపిరియా అని తేల్చుటకు 1888లోను 1889లోను నిజాము ప్రభుత్వ పోషణలో రెండు కమిషనులు ఇక్కడ పరిశోధన జరిపెను. హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతియైన ఎడ్వర్డ్ లారీ, నాడిని కాదు, ఊపిరిని కనిపెట్టుచుండుడని గట్టిగా బోధించెను. గుండెయే మొదట ఆగు సందర్భములును కలవని తరువాతి పరిశోధకులు చూపిరి. వాదము ఎట్లు తేలినను, రోగి దగ్గర నిలిచి కనిపెట్టుట ఎంత గొప్ప పనియో ఆ దినములలోనే తెలిసినది. కాని గుండె ఆగిన తరువాత చేయదగినది చాల కొంచెము. ఇరువదవ శతాబ్దము నడిమివరకు ఆగిన గుండెను కదలించవలెనన్న శస్త్రవైద్యుడు రొమ్ము కోసి, గుండెను చేతితో పట్టి పిసుకవలసియుండెను. ఆ పని నర్సు చేయదగినది కాదు. ఆమె డాక్టరును పిలుచును, కత్తి అందించును, నిలిచియుండును.

1950ల చివరి సంవత్సరములలో పీటర్ సఫార్ మొదలైన వైద్యులు, నోటితో నోటిలోనికి ఊపిరి ఊదుట పాత పద్ధతులకంటె మేలైనదని రుజువుచేసిరి. 1960లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను ముగ్గురు, రొమ్ము కోయకుండ పైనుండి నొక్కియే రక్తమును నడిపించవచ్చునని లోకమునకు తెలిపిరి. ఇందుకు రెండు చేతులు తప్ప మరేమియు అక్కరలేదని వారే వ్రాసిరి. వారిలో పెద్దవాడైన కౌవెన్‌హోవెన్ వైద్యుడు కాడు, విద్యుత్తు ఇంజనీరు. దేవుడు ఒక్కొక్కసారి తన మేలును మనము ఎదురుచూడని ద్వారమునుండి పంపును.

చదువరులారా, ఇక్కడ ఏమి జరిగెనో గమనించుడి. కత్తి అవసరమైనంత కాలము బాధ్యత కత్తి పట్టువానిదై యుండెను. చేతులే చాలునని తెలిసిన దినమున ఆ బాధ్యత దగ్గరనున్న చేతులమీదికి వచ్చెను. ఒకని ప్రాణము నిలుపు సాధనము నా యొద్ద లేనప్పుడు నేను నిలిచియుండుట దోషము కాదు. ఆ సాధనము నా రెండు చేతులే అయినప్పుడు, నేర్చుకొనియు నిలిచియుండుట వేరు సంగతి. జ్ఞానము పెరిగినకొలది ధర్మమును పెరుగును.

అయితే చేతులు చాలునని తెలిసినంత మాత్రమున ఆ చేతులకు అనుమతి దొరకలేదు. 1962 మే నెలలో అమెరికాలోని కాన్సస్ సిటీలో బెతనీ ఆసుపత్రియందు హ్యూస్ డే అను వైద్యుడు గుండెజబ్బు రోగులకు ప్రత్యేక వార్డు తెరచెను. లాజరు ఊరి పేరు పెట్టుకొన్న ఆసుపత్రిలో ఇట్టి పని మొదలగుట మనకు సంతోషకరము. గుండె ఆగిన తరువాత ఎక్కడినుండో పరికరముల బండిని తోసికొని పరుగెత్తివచ్చుటకంటె, అట్టి రోగులను ఒకచోట నుంచి ఎల్లప్పుడు కనిపెట్టుట మేలని ఆయన గ్రహించెను. కనిపెట్టువారెవరు? నర్సులే. ఆ సంవత్సరములలోనే ఫిలడెల్ఫియా పట్టణమున లారెన్స్ మెల్ట్జర్ అను వైద్యుడును రోజ్ పిన్నియో అను నర్సును ఈ సేవలో నర్సు స్థానమేమో పరిశీలించి, 1965లో తోటివారితో కలిసి నర్సులకొరకే ఒక చేతిపుస్తకము ప్రచురించిరి. గుండెకు విద్యుత్తు తాకిడి ఇచ్చు యంత్రమును డాక్టరు రాకముందు నర్సు ఉపయోగింపవచ్చునా అను వాదము అప్పుడు గట్టిగా జరిగెను. డాక్టరు మెట్లెక్కి వచ్చులోపల రోగి చనిపోవుచున్నాడను నిజమే ఆ వాదమును తీర్చెను. 1966లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు సమావేశము వైద్యసేవలో నున్న వారందరికి ఈ శిక్షణ ఇయ్యవలెనని చెప్పెను. 1974లో వచ్చిన నియమములు సామాన్య ప్రజలకును దీనిని నేర్పుమనెను. పదునాలుగు సంవత్సరములలో ఈ పని శస్త్రవైద్యుని చేతినుండి నర్సు చేతికి, అక్కడనుండి ఇరుగుపొరుగువారి చేతికి దిగివచ్చెను.

మన దేశపు సంగతి చూతము. మన నర్సింగు వేళ్లు మిషను ఆసుపత్రులలో లోతుగా పాతుకొనియున్నవి. 1883లో గుంటూరునకు వచ్చిన లూథరను వైద్యురాలు డాక్టరు ఆన్నా కుగ్లర్ 1898లో అక్కడ స్త్రీల ఆసుపత్రి తెరచెను. వేలూరులో డాక్టరు ఐడా స్కడర్ స్థాపించిన ఆసుపత్రి 1909లో నర్సుల పాఠశాలను, 1946లో నర్సింగునందు పట్టపు చదువును ప్రారంభించెను. అన్యుల పుండ్లు కడుగుట, రక్తమును మలమూత్రములను ముట్టుట నీచమని లోకము ముక్కు మూసికొనిన దినములలో, మన సంఘముల బీద కుటుంబముల ఆడపిల్లలు ఆ పనికి ముందుకు వచ్చిరి. ఆ తరమునకు నేర్పిన గొప్ప సద్గుణము విధేయత. డాక్టరుగారు చెప్పినది చేయుట, చెప్పనిది చేయకుండుట. ఆ విధేయతవలన అనేకమైన మేలులు జరిగెను. దానిని మనము తక్కువ చేయరాదు.

కాని నేడు నర్సును అడుగుచున్నది అంతకంటె ఎక్కువ. కేంద్ర ప్రభుత్వము 2009లో నవజాత శిశు సురక్షా కార్యక్రమము ప్రారంభించి, కాన్పులు జరుగుచోట పనిచేయువారికి శిశువు ఊపిరి నిలుపు విద్యను నేర్పుచు వచ్చెను. పుట్టిన బిడ్డ ఏడువక, ఊపిరి తీయక యున్నయెడల, తుడిచి, వీపు నిమిరి, అప్పటికిని ఊపిరి రానియెడల మొదటి నిమిషములోనే ముఖముమీద మూత పెట్టి సంచి నొక్కుచు గాలి అందించవలెను. ఒక్క నిమిషము! ఆ నిమిషములో పిల్లల డాక్టరును పిలుచుటకైనను చాలదు. ఆరోగ్య కేంద్రములో కాన్పు చేయు నర్సు ఆ నిమిషమునకు యజమానురాలు. మన సంఘములలో బాప్తిస్మము పొందు పసిపిల్లలలో ఎవరు ఏ నర్సు చేతి సంచివలన మొదటి ఊపిరి తీసిరో మనకు తెలియదు, దేవునికి తెలియును.

ఆమె పని మరియొక మెట్టుకూడ ఎక్కినది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ, శిక్షణ పొందిన వారిని రోగి ఇంటి గుమ్మమునకే తెచ్చెను. 2017లో భారత అనస్థీషియా వైద్యుల ప్రోత్సాహముతో ఏర్పడిన పునరుజ్జీవన మండలి, మన దేశమునకు తగిన నియమములు ప్రచురించి, సామాన్యులు ఊపిరి ఊదుటకు సంకోచించినను రొమ్ము నొక్కుట మానవద్దని చెప్పెను. 2023 ఫిబ్రవరిలో రాజేంద్రనగర్ ఆరాంఘర్ కూడలిలో కూలిపోయిన ఒక బాటసారి రొమ్మును ఒక ట్రాఫిక్ కానిస్టేబులు నొక్కి ఊపిరి తెప్పించిన దృశ్యమును తెలంగాణ అంతయు చూచెను. ఆ మార్చి నెలలోనే రాష్ట్ర ప్రభుత్వము పోలీసులు మొదలైనవారికి ఈ శిక్షణను విస్తరింపజేసెను. ఈ కాలమున నర్సు చేయునది మాత్రమే కాదు, ఇతరులకు నేర్పునదియు ఆయెను. ఒకప్పుడు ఆజ్ఞకొరకు నిలిచియున్న ఆమె నేడు ఊరికి ఉపాధ్యాయిని.

ఇప్పుడు మన ప్రశ్నకు తిరిగి వత్తము. డాక్టరు రాకమునుపే నర్సు మొదలుపెట్టుట విధేయతను మీరుట కాదా? నిర్గమకాండము మొదటి అధ్యాయములో షిఫ్రా, పూయా అను ఇద్దరు మంత్రసానులు కనబడుదురు. పిల్లలను చంపుమని రాజు ఆజ్ఞాపించెను. వారు దేవునికి భయపడి పిల్లలను బ్రదుకనిచ్చిరి. ఆ రాజు పేరేమో గ్రంథము చెప్పలేదు, ఆ మంత్రసానుల పేర్లు చెప్పెను. అయితే నేటి నర్సు స్థితి వారి స్థితి కంటె సులభమైనది. ఆమె పైవారి ఆజ్ఞను ధిక్కరింప నక్కరలేదు, ఏలయనగా మొదలుపెట్టుమనునదియే నేటి వైద్యశాస్త్రపు ఆజ్ఞ. క్రమము ప్రాణముకొరకు కలిగినది, ప్రాణము క్రమముకొరకు కాదు. విశ్రాంతిదినమును గూర్చి మన ప్రభువు నేర్పినదియు ఇదే. వేచియుండుట ఒక్కొక్కప్పుడు వినయమువలె కనబడును. నాలుగు నిమిషములు మాత్రమే ఉన్నచోట వేచియుండుటయు ఒక క్రియయే, దాని ఫలము మరణము.

రాజుల రెండవ గ్రంథములో షూనేము స్త్రీ కుమారుని సంగతి మీరెరుగుదురు. ఎలీషా తన చేతికఱ్ఱను గేహజీకిచ్చి ముందుగా పంపెను. ఆ కఱ్ఱను బిడ్డ ముఖముమీద పెట్టినను చప్పుడు లేదు, చలనము లేదు. తరువాత ప్రవక్త తానే వచ్చి, తలుపు వేసి, ప్రార్థనచేసి, ఆ చిన్న దేహముమీద తన దేహమును చాచెను. ఆ బిడ్డను బ్రదికించినది దేవుడే. దానిని వైద్య పాఠముగా మార్చుట తగదు. అయినను ఒక సంగతి మన మనస్సులో నాటుకొనవలెను. అధికారపు గుర్తును దూరమునుండి పంపుట చాలలేదు. ఒక దేహము మరియొక దేహము దగ్గరకు రావలసివచ్చెను. ప్రార్థనయు, చేయి వేయుటయు ఆ గదిలో ఒకదానితో ఒకటి తగవుపడలేదు.

రెండవ అభ్యంతరము మన పల్లెలలో తరచుగా వినబడును. "వేళ వచ్చినోణ్ని ఎవరాపుతరు పాస్టరుగారూ?" అని అందురు. జీవమరణములు దేవుని చేతిలో నున్నవను మాట సత్యము. కాని వేళ వచ్చినదని మనకు చెప్పినదెవరు? మన ఆయుష్షు లెక్క దేవుని యొద్ద నున్నదనియే మనము నమ్ముచున్నాము గదా. ఆ లెక్క మనకు తెలియనప్పుడు, ఇంతటితో అయిపోయినదని తీర్పు చెప్పుటకును మనకు అధికారము లేదు. పొలములో బావిలో పడినవానిని చూచి వేళ వచ్చినదని గట్టున కూర్చుండము, త్రాడు వేయుదుము. రొమ్ము నొక్కు నర్సు దేవుని చిత్తముతో పెనుగులాడుట లేదు. ఆమె తన చేతులతో ఒక విన్నపము చేయుచున్నది. ఇచ్చుటయు ఇయ్యకుండుటయు ఆయనది, అడుగుట మనది.

మూడవది సిగ్గును గూర్చినది. స్త్రీ పురుషుని రొమ్మును, పురుషుడు స్త్రీ రొమ్మును ముట్టవచ్చునా అని మన ఇండ్లలో సంకోచింతురు. ఈ సంకోచమువలన, బహిరంగ స్థలములలో కూలిపోయిన స్త్రీలకు పురుషులకంటె తక్కువగా ఈ సహాయము అందుచున్నదని ఇతర దేశముల పరిశీలనలు చూపినవి. మన ప్రభువు కుష్ఠరోగిని ముట్టెను, చనిపోయిన చిన్నదాని చేయి పట్టుకొనెను. లోకము చూడరాని చోట చూచినదని అనుకొనును, ఆయన మాత్రము ఒక ప్రాణమును చూచెను. ప్రాణము నిలుపు స్పర్శలో సిగ్గుపడవలసినది ఏదియు లేదని తల్లిదండ్రులు పిల్లలకు ఇంటనే చెప్పవలెను.

ఇక కఠినమైన మాట. ఈ పని చేసిన ప్రతిసారి మనిషి బ్రదుకడు. ధనవంతమైన దేశములలో, అన్ని సదుపాయములు గల ఆసుపత్రిలోనే గుండె ఆగినవారిలో సైతము, తిరిగి ఇంటికి పోవువారు నలుగురైదుగురిలో ఒక్కరు. ఆసుపత్రి బయట ఆగినవారిలో ఇంకను తక్కువ. కొందరికి ప్రక్కటెముకలు విరుగును. దీర్ఘవ్యాధితో ఎముకలగూడై, సమాధానముతో ప్రభువు పిలుపుకొరకు కనిపెట్టుచున్న వృద్ధుని రొమ్మును నొక్కి విరుచుట ప్రేమ కాకపోవచ్చును. 2018 మార్చి 9న మన సుప్రీంకోర్టు, గౌరవముతో మరణించు హక్కును అంగీకరించెను. 2020లో భారత వైద్య పరిశోధన మండలి, ఎట్టివారి విషయములో పునరుజ్జీవనము ప్రయత్నింపకుండుట తగునో నియమములు ప్రచురించెను. ఆ నిర్ణయము చికిత్సచేయు డాక్టరు, రోగితోను కుటుంబముతోను మాటలాడి ముందుగా చేయవలసినది. నర్సు ఒంటరిగా చేయవలసినది కాదు. అయినను ఆ మాటల సమయమున ఆమె మౌనముగా నుండరాదు. పగలు వచ్చిపోవు కుమారులకు తెలియని సంగతి, రాత్రివేళ ఆ వృద్ధుడు ఆమెతో చెప్పియుండవచ్చును. దగ్గరగా నున్నవారికి చేతి ధర్మము మాత్రమే కాదు, సాక్ష్యపు ధర్మమును కలదు.

ఇక్కడ మన విశ్వాసము మనకు సహాయముచేయును. పునరుజ్జీవనము వేరు, పునరుత్థానము వేరు. బేతనియలో లాజరు సమాధినుండి లేచి వచ్చెను, అయినను అతడు మరల ఒక దినమున మరణించెను. వైద్యము తిరిగి ఇయ్యగల ప్రాణము అట్టిదే, కొంత గడువు పొందిన ప్రాణము. క్రీస్తు ఇచ్చునది గడువు లేని జీవము. ఈ భేదము తెలిసినవాడు రెండు తప్పులనుండి తప్పించుకొనును. మరణమే అంతిమమను భయముతో చచ్చినవానిని కూడ విడువక హింసింపడు. పరలోకమున్నది గదాయని బ్రదుకగలవానిని చేతులు కట్టుకొని పోనీయడు. లాజరు మరల చనిపోవునని ఎరిగియు ప్రభువు అతని పిలిచెను. మార్త మరియల కన్నీళ్లకు ఆ కొద్ది సంవత్సరములును విలువగలవే.

చివరకు మన బాధ్యతను గూర్చి చెప్పవలెను, అసలు భారము ఇక్కడనే యున్నది. దగ్గరనున్నవారిమీద ధర్మము మోపితిమి. సరే, వారికి మనము చెల్లించవలసినది ఏమి? రోగి చనిపోయినప్పుడు కొందరు బంధువులు దుఃఖములో నర్సుమీద పడుదురు. "మా నాయినను నువ్వే ఒత్తి చంపినవు" అందురు. తెల్లకోటు వేసికొన్న డాక్టరు ముందర అనలేని మాటలు ఆమె ముందర అందురు, చేయి కూడ ఎత్తుదురు. ఆమె రొమ్ము నొక్క మొదలిడునప్పటికే గుండె ఆగియున్నదని, విరిగిన ఎముక అతుకుకొనును గాని ఆగిన గుండె తనంతట కొట్టుకొనదని వారికి తెలియదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వైద్యసేవకులపై దౌర్జన్యమును శిక్షించు చట్టము చేసెను. కాని చట్టము కొట్టిన తరువాత వచ్చును, బోధ కొట్టకముందు రావలెను. ఆ బోధ చేయవలసిన చోటు సంఘము. నర్సును బాధ్యతయందు డాక్టరుతో సమానముగాను, నిందయందు అతనికంటె ఎక్కువగాను, గౌరవమందు మాత్రము తక్కువగాను చూచుట అన్యాయము. ఆమెకు శిక్షణ ఇయ్యకుండ, పనిచేయు పరికరము ఇయ్యకుండ, ఒక్కతెను అనేకమంది రోగుల మధ్య నిలిపి, ఎందుకు పరుగెత్తలేదని అడుగుట అంతకంటె అన్యాయము. ఇటుకలు చేయుమని చెప్పి గడ్డి ఇయ్యని ఐగుప్తు అధికారులు అట్లే చేసిరి.

కాబట్టి ప్రియులారా, మన సంఘములు నాలుగు పనులు చేయగలవు. మొదటిది, కుమార్తె నర్సింగు చదువుదునన్నప్పుడు, పెండ్లి సంబంధములు తగ్గునని వెనుకకు లాగకుడి. కుమారులు చదివినను సంతోషించుడి. రెండవది, సంవత్సరమునకు ఒక ఆదివారము ఆరాధన తరువాత మందిరములో చాపలు పరచి, మన సంఘమందలి నర్సును నిలువబెట్టి, పెద్దలకును యౌవనస్థులకును ఈ విద్య నేర్పింపుడి. ఆ దినమున సంఘపు పెద్దలే ఆమె యొద్ద మొదటి శిష్యులుగా మోకరించుట మంచిది. మూడవది, ఇంట దుఃఖము కలిగినప్పుడు, ఆసుపత్రిలో నర్సు మీద కేకలు వేయు బంధువును చేయి పట్టి బయటికి తీసికొనిపోవుట విశ్వాసి పని. నాలుగవది, రోగులకొరకు ప్రార్థించునప్పుడు, రాత్రి డ్యూటీలో నున్న నర్సుల కొరకును ప్రార్థించుడి. ప్రయత్నించియు రోగిని దక్కించుకొనలేక తెల్లవారి ఇంటికి వచ్చు ఆమె మనస్సును ఎవరు ఓదార్చుదురు?

చదివి మరచిపోకుండ ఆ విద్యను ఇక్కడ క్లుప్తముగా చెప్పుచున్నాను. ఎవరైనను కూలిపోయినయెడల భుజము తట్టి గట్టిగా పిలువుడి. పలుకక, సరిగా ఊపిరి తీయక యున్నయెడల ఒకరు 108కు ఫోను చేయవలెను. మరియొకరు అతనిని గట్టి నేలమీద వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ ఎముకమీద ఒక అరచేతి మడమ పెట్టి, దానిమీద రెండవ చేయి వేసి, మోచేతులు వంచకుండ నొక్కవలెను. పెద్దవారికి సుమారు 5 సెంటీమీటర్ల లోతు, 6కు మించకుండ. నిమిషమునకు 100 నుండి 120 సారులు. ప్రతిసారి రొమ్మును పూర్తిగా పైకి లేవనియ్యవలెను. అలసినయెడల మరియొకరు అందుకొనవలెను. సహాయము వచ్చువరకు, లేక మనిషి కదలువరకు ఆపకూడదు. కాగితముమీద చదివినది చాలదు, చేతితో నేర్చుకొనవలెను.

యెరికో దారిలో ఆ సమరయుడు తన గాడిదను, నూనెను, ద్రాక్షారసమును, రెండు దేనారములను ఉపయోగించెను. అవి లేనివారికిని రెండు చేతులు కలవు. యాజకుని పని మందిరములో నుండెను, లేవీయుని పనియు మందిరములోనే నుండెను, కాని ఆ గడియకు వారి పని దారిలో పడియుండెను. మన పని ఏదో తెలియక మనము తడవులాడునప్పుడు, మన దగ్గర ఎవరు పడియున్నారో చూచినయెడల తెలియును. రాత్రివేళ మన రోగుల దగ్గర మేలుకొనియుండు నర్సులను ప్రభువు బలపరచును గాక. వారి చేతులు అలసినప్పుడు అందుకొను చేతులుగా మనలను నేర్పును గాక.